టెయిల్ పాప్ కూడా చూడండి

ఫిల్మ్‌నగర్, కృష్ణానగర్ వైపు మిక్సింగ్ థియేటర్లలో కొత్తగా అసిస్టెంట్‌గా చేరినవాళ్లకు ఒక మాట. ఎడిట్ నుంచి రీల్ (సినిమాలో ఒక భాగం) రాగానే మొదట్లో ఉన్న పాప్ (బొమ్మ, సౌండ్ కలిశాయో లేదో చూసుకునే చిన్న బీప్) ఒక్కటే చూసి సింక్ ఓకే అనేయకండి. చివర ఉండే టెయిల్ పాప్ దాకా వెళ్లి చూడండి.

మొదటి పాప్ అంటే బొమ్మ మొదలవడానికి సరిగ్గా 2 సెకన్ల ముందు ఒక్క ఫ్రేమ్ పాటు వినిపించే బీప్. అది కరెక్టుగా కూర్చున్నా, పిక్చర్ సెకనుకు 23.976 ఫ్రేముల లెక్కన, సౌండ్ 24 ఫ్రేముల లెక్కన తయారై ఉంటే తేడా అక్కడ కనబడదు. 20 నిమిషాల రీల్ చివరికొచ్చేసరికి మాత్రం 1.2 సెకన్లు జారిపోతుంది. పెదాలు ఒక దారి, మాట ఒక దారి.

వేవ్‌ఫామ్‌ను బాగా జూమ్ చేయండి. 24 ఫ్రేముల లెక్కన, 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48,000 శాంపిళ్లు) సెషన్‌లో ఒక ఫ్రేమ్ అంటే 2000 శాంపిళ్లు. పాప్ మొదలయ్యే చోటు ఆ ఫ్రేమ్ అంచుకు అతుక్కుని ఉండాలి. తర్వాత డైలాగ్, ఎఫెక్ట్స్, మ్యూజిక్ పాప్‌లు మూడూ కలిపి ప్లే చేయండి. ఒకటే బీప్‌లా వినిపించాలి. రెండుగా చీలినట్టు వినిపిస్తే ఒక్కోటీ సోలో చేసి చూస్తే ఎవరిది జారిందో దొరుకుతుంది.

టెయిల్ పాప్ లేకుండా రీల్ వస్తే మొహమాటపడకుండా అడిగి వేయించుకోండి. ఎడిట్ రూమ్‌లో అది చిన్న పని. అదే డైరెక్టర్‌గారు వెనక కూర్చున్నాక బయటపడితే ఆ టెన్షన్ అందరిదీ. అడిగేటప్పుడు నోటిమాటతో వదిలేయకుండా రీల్ నంబర్, వెర్షన్ తేదీ, ఫ్రేమ్ రేట్ రాసి మెసేజ్ పెట్టండి.