బిగించిన ట్రాక్ మళ్లీ వదులైపోతుంటే: నా అనుభవం

సైనికుల్ని మోసే మా ఎం113 సాయుధ బండికి ఎడమ ట్రాక్ (చక్రాల చుట్టూ తిరిగే లోహపు పట్టా) ఎంత బిగించినా మర్నాటికి వదులైపోయేది. పిన్నులు, రబ్బరు ప్యాడ్లు చూశాను, అరుగుదల మామూలుగానే ఉంది. అసలు జబ్బు వెనక ఐడ్లర్ చక్రాన్ని (ట్రాక్ వెనక చివర మలుపు తిరిగే చక్రం) నెట్టే అడ్జస్టర్‌లో ఉంది. గన్‌తో గ్రీజు ఎక్కిస్తే దాని రాడ్ బయటికొచ్చి ట్రాక్ బిగుస్తుంది. గ్రీజును లోపల ఆపే సీల్ పోతే ఆ గ్రీజంతా మెల్లగా కారిపోతుంది.

బండి కదలకుండా అడ్డాలు పెట్టి, గ్రీజును బయటికి వదిలే బ్లీడ్ స్క్రూను కొద్దికొద్దిగా వదులు చేశాను. లోపలి ఒత్తిడికి గ్రీజు చర్మంలోకి దూసుకుపోగలదు, అందుకే మొహం, చేతులు దానికి ఎదురుగా ఉంచకూడదు. రాడ్ తీసి చూస్తే తుప్పు గుంటలు! సీల్ ఒక్కటి మారిస్తే చాలని ఒకతను అన్నాడు గానీ, గరుకు రాడ్ మీద కొత్త సీల్ ఎన్నాళ్లుంటుంది? రెండూ మార్చేశాను.

ఇప్పుడు బురదలో తిరిగొచ్చాక రాడ్ తుడిచి గ్రీజు పూస్తున్నాను. ప్రెషర్ వాషర్‌తో సీళ్ల మీద నేరుగా కొట్టను, నీళ్లు లోపలికి పోతాయి. బిగువు చూసేముందు బండిని కాస్త ముందుకు నడిపి, బ్రేకు వేయకుండా దానంతటదే ఆగనివ్వాలి. అన్నట్టు, మరీ బిగించినా, ట్రాక్‌ను తిప్పే చక్రానికి శక్తినిచ్చే ఫైనల్ డ్రైవ్ బేరింగులకు దెబ్బే.