కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో సెలవు, ఓవర్‌టైమ్ నష్టపోకుండా ఎలా చూసుకోవాలి?

చెన్నైలో నుంగంబాక్కం శాస్త్రి భవన్‌లోనో, బెసెంట్ నగర్ రాజాజీ భవన్‌లోనో పోస్టింగ్ వచ్చిన మనవాళ్లకు లీవ్ రూల్స్ మొదట గుర్తొచ్చేది సంక్రాంతికి ఊరెళ్లాలనుకున్నప్పుడే. అప్పటికప్పుడు ఎవరో చెప్పిన మాట నమ్మి ఈఎల్ (ఎర్న్‌డ్ లీవ్, అంటే ఆర్జిత సెలవు) పెట్టేస్తారు. సీఎల్‌తో (క్యాజువల్ లీవ్) సరిపోయేదని తర్వాత తెలుస్తుంది. సెలవు మంజూరు చేయడం పైఅధికారి చేతిలో పని, ఏ సెలవు ఎప్పుడు అడగాలో లెక్క వేసుకోవడం మాత్రం మన చేతిలో పని. ఇక్కడ చెప్పేదంతా కేంద్ర ప్రభుత్వ సివిల్ ఉద్యోగుల గురించి, అంటే 1972 నాటి సీసీఎస్ (సెంట్రల్ సివిల్ సర్వీసెస్) లీవ్ రూల్స్ వర్తించేవాళ్ల గురించి. తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగుల రూల్స్ వేరు.

ముందు మీ ఖాతా చూసుకోండి

జనవరి 1న, జూలై 1న మీ ఖాతాలో 15 రోజుల చొప్పున ఈఎల్, 10 రోజుల చొప్పున హాఫ్ పే లీవ్ (సగం జీతం మీద సెలవు) ముందుగానే జమ అవుతాయి. మధ్యలో ఉద్యోగంలో చేరినవాళ్లకు ఆ అర్ధ సంవత్సరంలో పూర్తయ్యే ప్రతి నెలకు రెండున్నర రోజుల ఈఎల్ వస్తుంది. జీతం లేని సెలవు పెట్టి ఉంటే, అందులో పదో వంతు తర్వాతి జమలో కోత పడుతుంది. కాబట్టి జనవరి, జూలై మొదటి వారాల్లో ఆన్‌లైన్‌లో గానీ, అడ్మిన్ సెక్షన్‌లో గానీ బ్యాలెన్స్ చూసి మీ దగ్గర రాసిపెట్టుకోండి. బదిలీ మీద వచ్చినవాళ్లు ఇది తప్పనిసరిగా చేయాలి. పాత ఆఫీసు నుంచి సర్వీస్ బుక్ ఆలస్యంగా వస్తే ఎంట్రీలు తప్పిపోయే అవకాశం ఎక్కువ.

ఈఎల్ 300 రోజుల వరకే నిల్వ ఉంటుంది. సీనియర్లు గమనించాల్సింది ఇక్కడే. మీ ఖాతాలో 290 ఉండగా జనవరి వచ్చిందనుకోండి. కొత్త 15 రోజులు విడిగా చూపిస్తారు, ఆ ఆరు నెలల్లో వాడే సెలవు ముందు వాటిలోంచే తగ్గుతుంది. జూన్ ఆఖరులోగా కనీసం ఐదు రోజులు వాడితే ఏమీ పోదు. అసలు వాడకపోతే 300 దాటిన ఐదు రోజులూ పోయినట్టే. రిటైర్మెంట్ నాడు డబ్బుగా మారేది కూడా గరిష్ఠంగా 300 రోజులే. ఎల్‌టీసీ (ప్రభుత్వ ఖర్చుతో చేసే సెలవు ప్రయాణం) మీద వెళ్లేటప్పుడు ఒక్కోసారి 10 రోజుల వరకు, సర్వీసు మొత్తంలో 60 రోజుల వరకు ఈఎల్ ఎన్‌క్యాష్ చేసుకోవచ్చు, అంటే డబ్బుగా మార్చుకోవచ్చు. ఆ 60 రోజులు రిటైర్మెంట్ లెక్కలో తగ్గవు. చాలామంది ఈ సౌకర్యాన్ని అడగకుండానే వదిలేస్తున్నారు, అది నిజంగా బాధాకరం.

పండగకు ఏ సెలవు?

సీఎల్ ఏడాదికి 8 రోజులు, మిగిలితే మరుసటి ఏడాదికి రాదు. ఆర్‌హెచ్ (రిస్ట్రిక్టెడ్ హాలిడే, అంటే జాబితాలోంచి మనం ఎంచుకునే ఐచ్ఛిక సెలవు) రెండు. సీఎల్ మధ్యలో వచ్చే శని, ఆదివారాలు, పండగ సెలవులు లెక్కలోకి రావు. ఈఎల్ మధ్యలో వచ్చేవి లెక్కలోకి వస్తాయి, ముందూ వెనకా తగిలించుకున్నవి రావు. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఐదు రోజుల వారం ఉన్న ఆఫీసులో పొంగల్ సెలవు గురువారం పడిందనుకుందాం. మీకు భోగి నుంచి తర్వాతి బుధవారం దాకా ఊళ్లో ఉండాలని ఉంది. సీఎల్ అయితే భోగి, కనుమ, ఆపైన సోమ, మంగళ, బుధవారాలు కలిపి ఐదు. అదే ఈఎల్ అయితే మధ్యలోని గురు, శని, ఆదివారాలు కూడా కలిసి ఎనిమిది. అయితే సీఎల్‌ను ఈఎల్‌తో కలపడం కుదరదు. మామూలుగా ఒక్కసారికి ఐదు రోజులకు మించి సీఎల్ ఇవ్వరు. అందుకని ఐదు పనిదినాలు దాటే ప్రయాణానికి ఈఎల్, చిన్న ప్రయాణానికి సీఎల్ అని పెట్టుకోండి. ఏడాది మొదట్లోనే సీఎల్ అంతా ఊదేయకండి. పిల్లాడికి జ్వరమొస్తేనో, సబర్బన్ రైలు ఆగిపోతేనో అక్కరకొచ్చేది అదే. తగిన కారణం ఉంటే గంట లోపు ఆలస్యాన్ని నెలకు రెండుసార్ల వరకు మన్నించే వీలుంది. అది దాటితే అర రోజు సీఎల్ పోతుంది.

చెన్నై కేంద్ర ఆఫీసుల సెలవుల జాబితాలో ఉగాది లేని ఏడాది దాన్ని ఆర్‌హెచ్‌గా తీసుకోవచ్చు. జాబితా రాగానే రెండు ఆర్‌హెచ్‌లూ ఏ రోజుల్లో కావాలో నిర్ణయించుకుని పైఅధికారికి ముందే చెప్పి ఉంచండి. నెల్లూరైనా, తిరుపతైనా శనివారం వెళ్లి ఆదివారం వచ్చేసినా హెడ్‌క్వార్టర్స్ (పోస్టింగ్ ఉన్న ఊరు) విడిచి వెళ్లే అనుమతి విడిగా అడగాలి. ఇది చాలామంది మర్చిపోతారు.

జబ్బు చేసినప్పుడు

డెంగీ వచ్చి పది రోజులు పడకేశారనుకోండి. వెంటనే ఈఎల్ వాడనక్కర్లేదు. మెడికల్ సర్టిఫికెట్ మీద కమ్యూటెడ్ లీవ్ అడిగితే పూర్తి జీతం వస్తుంది, హాఫ్ పే ఖాతాలో రెట్టింపు, అంటే 20 రోజులు తగ్గుతాయి. హాఫ్ పే లీవ్‌కు నిల్వ పరిమితి లేదు కాబట్టి కొన్నేళ్ల సర్వీసు ఉన్నవాళ్ల దగ్గర అది బాగానే పోగుపడి ఉంటుంది. ఆఫీసుకు తిరిగొచ్చేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తప్పనిసరి. అది లేకుండా డ్యూటీలో చేర్చుకోరు. తెలియక ఈఎల్ పెట్టేసి ఉంటే, డ్యూటీలో చేరిన 30 రోజుల్లోగా వేరే రకం సెలవుకు మార్చమని అడగొచ్చు. మార్చడం మాత్రం అధికారి ఇష్టం.

మహిళా ఉద్యోగులకు, ఒంటరి తండ్రులకు చైల్డ్ కేర్ లీవ్ సర్వీసు మొత్తంలో 730 రోజులు. మొదటి 365 రోజులకు పూర్తి జీతం, తర్వాతి 365కు 80 శాతం. మామూలుగా ఏడాదికి మూడు విడతలకు మించి ఇవ్వరు కాబట్టి పరీక్షల సీజన్ చూసుకుని విడతలు వేసుకోండి.

‘లీవ్ ఇవ్వం’ అంటే

సెలవును హక్కుగా డిమాండ్ చేయలేమని 7వ రూల్ చెబుతుంది. పని అవసరాన్ని బట్టి తిరస్కరించొచ్చు, ఇచ్చినదాన్ని వెనక్కీ తీసుకోవచ్చు. కానీ ఆ రూల్‌లోనే మనకు అండగా నిలిచే మాట ఒకటుంది. మీకు రావలసిన సెలవును మీరు అడిగినప్పుడు, మీరు రాతపూర్వకంగా కోరితే తప్ప దాని రకాన్ని అధికారి మార్చకూడదు. మీరు కమ్యూటెడ్ లీవ్ అడిగితే దాన్ని ఈఎల్‌గా మార్చి ఇవ్వడం కుదరదు. కాబట్టి దరఖాస్తులో సెలవు రకం, తేదీలు, ముందూ వెనకా తగిలించే సెలవు దినాలు, ఊళ్లో చిరునామా స్పష్టంగా రాయండి. పోర్టల్ లేని ఆఫీసులో కాగితం ఇచ్చి డైరీ నంబర్ తీసుకోండి. నోటిమాటగా ‘వెళ్లిరా’ అన్నా సరే, శాంక్షన్ చూసుకునే వెళ్లండి. గడువు దాటి ఊళ్లోనే ఉండిపోతే ఆ రోజుల జీతం పోవడమే కాదు, క్రమశిక్షణ చర్య కూడా ఉండొచ్చు.

ఓవర్‌టైమ్ సంగతి

రాత్రి ఎనిమిది దాకా కూర్చున్నంత మాత్రాన డబ్బు రాదు. ఏడో వేతన సంఘం సిఫారసు మీద 2018లో ఇచ్చిన ఉత్తర్వులతో, ఆపరేషనల్ స్టాఫ్‌కు (యంత్రాలు, పరికరాలు నడపడం లాంటి పనులు చేసే గుమాస్తాయేతర సిబ్బంది), చట్టం కిందికొచ్చే పారిశ్రామిక కార్మికులకు తప్ప మిగతావాళ్లకు ఓవర్‌టైమ్ అలవెన్స్ ఆగిపోయింది. పెరంబూర్ ఐసీఎఫ్‌ (రైలు పెట్టెల కర్మాగారం) లాంటి ఫ్యాక్టరీల్లో కార్మికులకు మామూలు రేటుకు రెట్టింపు ఇవ్వాలన్నది కార్మిక చట్టం. గుమాస్తా ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు మిగిలిందల్లా కాంప్ ఆఫ్, అంటే సెలవు రోజున పని చేసినందుకు బదులుగా ఇచ్చే సెలవు. అది నాన్ గెజిటెడ్ వాళ్లకే. సెలవు రోజున రమ్మంటే ముందు ఆఫీస్ ఆర్డర్ గానీ, కనీసం మెయిల్ గానీ అడగండి. బయోమెట్రిక్ వేయండి. ఆ కాంప్ ఆఫ్ నెలలోపే వాడుకునేలా తేదీ రాసి ఇవ్వండి. ఎప్పుడో వాడుకుందాంలే అని దాచుకుంటే మురిగిపోతుంది.

లెక్క తప్పిందని అనిపిస్తే ముందు డీలింగ్ క్లర్క్‌తో కూర్చుని మాట్లాడండి, చాలావరకు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే సెక్షన్ ద్వారా రాతపూర్వకంగా రిప్రజెంటేషన్ ఇవ్వండి. మీ సొంత లీవ్ ఖాతా నకలు కావాలంటే 10 రూపాయల ఫీజుతో ఆర్‌టీఐ వేయొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆరు నెలలు గడిచినా రిప్రజెంటేషన్‌కు సమాధానం రాకపోతే, ఆ తర్వాత ఏడాదిలోపు చెన్నైలోని క్యాట్ (కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్) మద్రాస్ బెంచ్‌కు వెళ్లొచ్చు. డైరీ నంబర్ వేసిన మీ కాగితాలన్నీ అప్పటిదాకా ఒక ఫైల్‌లో భద్రంగా ఉంచండి.