ల్యాప్‌టాప్ బ్యాటరీ మార్చే ముందు జాగ్రత్తలు

చార్జింగ్ రెండు క్లాసులకు కూడా ఆగట్లేదని వెంటనే కొత్త బ్యాటరీ కొనేయకండి. హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్లకు అది చిన్న ఖర్చు కాదు.

• నిజంగా బ్యాటరీయే పాడైందా? విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీయొచ్చు. అందులో డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టే చార్జ్), ఫుల్ చార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టే చార్జ్) పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది 41,000, రెండోది 36,000 ఉంటే బ్యాటరీ బాగానే ఉంది. ముందు స్క్రీన్ వెలుతురు తగ్గించి, తెరిచి వదిలేసిన ట్యాబులు మూసి చూడండి. రెండోది 20,000కు పడిపోయిందంటే మార్చాల్సిందే.

• అడుగుభాగం ఉబ్బిందా? టచ్‌ప్యాడ్ పైకి లేచిందా? బల్ల మీద పెడితే ఊగుతోందా? అన్నిటికంటే ఇది ముఖ్యం. ఉబ్బిన లిథియం బ్యాటరీకి చిల్లు పడితే మంటలు రావచ్చు. చార్జర్ పీకేసి, షట్‌డౌన్ చేసి, పరుపులూ దుప్పట్లకూ దూరంగా పెట్టండి. నొక్కి సరిచేయాలని చూడొద్దు. దయచేసి మీరు విప్పొద్దు, సర్వీస్ సెంటర్‌కు చెప్పండి.

• ప్రాజెక్టు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి.

• వారంటీ ఉందేమో బిల్లు తీసి చూడండి. లేకపోతే పాత బ్యాటరీ మీది పార్ట్ నంబరు, వోల్టేజీ సరిపోల్చాకే కొనండి.

• ఉబ్బు లేదు, సొంతంగా విప్పుతారా? స్లీప్ చాలదు, పూర్తిగా షట్‌డౌన్ చేయండి. మూత తీశాక ముందుగా బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. ఇనుప స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు.

• పాతది చెత్తబుట్టలో వేయకండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని విడిగా అప్పగించాలి.