ఫంక్షన్‌లో సీట్లు తగ్గాయి, మెయిన్‌లో తగ్గలేదు: సీ స్ట్రక్చర్లతో వచ్చే చిక్కులు

సీ భాషలో బస్సు అనే స్ట్రక్చర్ (వేర్వేరు రకాల విలువల మూట) ఉందనుకోండి. అందులో రూటు నంబరు ఇంట్ (పూర్ణాంకం), గమ్యం 20 అక్షరాల అర్రే (వరుస), సీట్లు ఇంట్. ఇంట్‌కి 4 బైట్ల లెక్కన మొత్తం 28 బైట్లు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో గాజువాక బస్సు ఎక్కేటప్పటికి సీట్లు 40.

సమస్య: ఒక సీటు తగ్గించే టికెట్ ఫంక్షన్‌లో 39 అని ప్రింటవుతుంది. మెయిన్‌కి (ప్రోగ్రామ్ మొదలయ్యే ఫంక్షన్) రాగానే మళ్ళీ 40.

కారణం: ఫంక్షన్‌కి వెళ్ళింది నకలు. 28 బైట్లూ కాపీ అయ్యాయి. జగదాంబ జంక్షన్‌లో తీయించిన జిరాక్స్ మీద ఎంత దిద్దినా ఇంట్లో బీరువాలో ఉన్న అసలు కాగితం మారదు కదా!

పరిష్కారం: పారామీటర్‌ని పాయింటర్ (అసలు విలువ ఉన్న చోటి అడ్రస్ దాచేది) చేయండి, పిలిచేచోట & పెట్టండి (అడ్రస్ ఇచ్చే గుర్తు అది), లోపల చుక్క బదులు -> వాడండి. పాయింటర్ పేరు బి అనుకుంటే, చుక్కే కావాలంటే (*బి).సీట్లు అని బ్రాకెట్లు తప్పనిసరి. చుక్క పట్టు * కన్నా గట్టిది, *బి.సీట్లు అని రాస్తే కంపైలర్ ముందు బి.సీట్లు వెతుకుతుంది, బి పాయింటర్ కనక అక్కడే ఎర్రర్. మార్చిన బస్సును రిటర్న్ చేసినా సరే, కానీ మెయిన్‌లో దాన్ని వేరియబుల్‌లోకి తీసుకోవడం మరిచారా, మళ్ళీ అదే 40.

సమస్య: నకలే పంపారు, సీట్లు మారలేదు, గమ్యం మాత్రం గాజువాక పోయి మధురవాడ అయింది.

ఇది కాస్త తికమక పెట్టేదే. గమ్యాన్ని అర్రేగా కాక క్యారెక్టర్ పాయింటర్‌గా పెట్టి ఉంటారు. అప్పుడు కాపీ అయ్యేది అడ్రసే, అక్షరాలు కావు. బస్సులు రెండు, బోర్డు ఒకటే. అర్రేగా మార్చండి, లేదా నకలుకి మెమరీ ఇచ్చే ఫంక్షన్ మాలాక్‌తో వేరే చోటు తీసుకుని స్ట్రింగ్‌ని అందులోకి కాపీ చేయండి. మాలాక్‌లో స్ట్రింగ్ ముగిసిందని చెప్పే చివరి సున్నా అక్షరానికీ ఒక బైటు కలపాలి.

సమస్య: 50 బస్సుల అర్రే పంపితే ఫంక్షన్‌లో లూప్ ఒక్కసారి కూడా తిరగదు.

మెయిన్‌లో బస్సుల సంఖ్య కోసం వేసే సైజాఫ్ (బైట్ల కొలత) లెక్క 1400 భాగించు 28, సరిగ్గా 50 వస్తుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఫంక్షన్‌లోకి అర్రే పాయింటర్‌గా దిగుతుంది. 64 బిట్ మెషీన్‌లో పాయింటర్ సైజు 8 బైట్లే, 8 భాగించు 28 పూర్ణాంకాల్లో సున్నా. ఎన్ని బస్సులో రెండో ఆర్గ్యుమెంట్‌గా పంపండి.

సమస్య: ఫంక్షన్ ఇచ్చిన పాయింటర్‌లో చెత్త విలువలు, లేదా ప్రోగ్రామ్ కుప్పకూలడం.

ఫంక్షన్ లోపలే పుట్టిన (లోకల్) బస్సు వేరియబుల్ అడ్రస్ రిటర్న్ చేశారు. ఫంక్షన్ ముగిస్తే ఆ చోటు మీది కాదు. స్ట్రక్చర్‌నే రిటర్న్ చేయండి. జీసీసీ కంపైలర్ దీనికి వార్నింగ్ ఇస్తుంది, చదవకుండా రన్ కొట్టకండి.