గూడెంలో వాలంటీర్‌గా ఉన్నప్పుడు ఇంటి మీద బెంగ

హైదరాబాద్ నుంచి ఉట్నూరు వైపు గోండు గూడేలకు వెళ్లేవాళ్లు ఎంజీబీఎస్‌లో బస్సెక్కే ముందే బ్యాగు సరిచూసుకోవాలి: దోమతెర, టార్చి, పవర్ బ్యాంకు, పావుకిలో కందిపొడి, సీసా నిండా మామిడి తొక్కు. తొక్కు కాస్త ఎక్కువే పెట్టుకోండి. బెంగ ముందు నాలుకకే పుడుతుంది.

తాగే నీళ్లు తెర్లాక ఇంకో నిమిషం మరిగించి దించాలి. తేటగా ఉన్నాయి కదా అని కాచకుండా తాగితే విరేచనాలు పట్టుకోవచ్చు. అప్పుడు లీటరు కాచిన నీళ్లలో 6 టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు, రెండూ చెంచా అంచుకు సమంగా తలగొట్టి కొలిచి, కలిపి కొద్దికొద్దిగా తాగాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. చలిజ్వరం వస్తే అదే రోజు మలేరియా పరీక్ష చేయించుకోవాలి. ఆశా కార్యకర్తను అడగండి.

పగలు పనిలో గడిచిపోతుంది. పొద్దుగూకాకే మనసు ఇంటివైపు లాగుతుంది. ఆ గంట గదిలో ఒంటరిగా కూర్చోవద్దు. ఎదురైన పెద్దలకు "రామ్ రామ్" చెప్పి అరుగు మీద కూర్చోండి. రోజుకు ఐదు గోండి మాటలు పిల్లల దగ్గర నేర్చుకుని తెలుగు లిపిలో రాసుకోండి. ఎవరైనా జొన్నరొట్టె పెడితే తినండి, మీ తొక్కు వాళ్లకూ వడ్డించండి.

సిగ్నల్ కోసం రోజూ గుట్టెక్కితే బెంగ ఇంకా పెరుగుతుంది. వారానికి రెండు రోజులు, ఫలానా టైమని అమ్మకు ముందే చెప్పండి. ఫోన్ కలవకపోతే కంగారు పడొద్దనీ చెప్పండి. రెండు వారాలైనా నిద్ర, తిండి కుదుటపడకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.