చిన్న పిల్లలకు భిన్నాలు నేర్పడం ఎలా?

"1/4 పెద్దదా, 1/8 పెద్దదా?" అని అడిగి చూడండి. చాలామంది పిల్లలు తడుముకోకుండా 1/8 అంటారు. నాలుగు కంటే ఎనిమిది పెద్దది కదా మరి! అప్పటిదాకా వాళ్లు చేసిన లెక్కలన్నిటిలోనూ అంతే. ఆ అంకె గీత కిందికి చేరితే సంగతి మారిపోతుందని వాళ్లకు ఎవరూ చేసి చూపించలేదు, అంతే తేడా. అందుకే గీత, లవం, హారం అనే మాటలను చివరికి ఉంచండి. ముందు సగం, పావు అంటే ఏమిటో వాళ్ల చేతులకు తెలియాలి.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

కాగితం, కత్తెర, స్కేలు, రంగు పెన్సిళ్లు, ఒక 12 గుండీలు చాలు. కాగితాన్ని 24 సెంటీమీటర్ల పొడవున్న పట్టీలుగా కత్తిరించండి. వెడల్పు 3 సెంటీమీటర్లు ఉంటే చిన్న వేళ్లకు మడవడం తేలిక. పొడవు మాత్రం కచ్చితంగా 24 ఉండాలి. దాన్ని 2, 3, 4, 6, 8 భాగాల్లో ఎన్ని చేసినా ఒక్కో ముక్క 12, 8, 6, 4, 3 సెంటీమీటర్లు వస్తుంది. ఎక్కడా మిల్లీమీటర్ల గొడవ ఉండదు.

1. "సమానం" అన్న మాట దగ్గర ఆగండి

"నాకు పెద్ద సగం కావాలి" అని మా పాప అనేది. వినడానికి ముద్దుగా ఉన్నా, అసలు చిక్కు అక్కడే ఉంది. రెండు ముక్కలు చేస్తే చాలు, అవి సగాలే అనుకుంటారు పిల్లలు. ఒక పట్టీని కావాలనే ఎగుడుదిగుడుగా రెండు ముక్కలు చేసి "ఇవి సగాలేనా?" అని అడగండి. జవాబు మీరు చెప్పొద్దు. ఒకదాని మీద ఒకటి పెట్టి చూడమనండి. అంచులు కలిస్తేనే సగం.

తర్వాత ఒకే కొలత ఉన్న రెండు చదరపు కాగితాలు తీసుకుని ఒకదాన్ని నిలువుగా, మరోదాన్ని మూల నుంచి మూలకు మడవండి. ఆకారాలు వేరైనా రెండూ సగాలే. నమ్మకపోతే త్రికోణాన్ని ముక్కలుగా కత్తిరించి, ఆ ముక్కలతో నిలువు సగాన్ని కప్పమనండి. దీని మీద కాస్త ఎక్కువసేపు కూర్చున్నా నష్టం లేదు.

2. మడత పెట్టించండి

పట్టీ రెండు కొనలు కలిపి, గోటితో గట్టిగా గీరి మడత వేయాలి. విప్పితే రెండు భాగాలు. మళ్లీ అలాగే మడిచి, దాన్నే ఇంకోసారి మడిస్తే నాలుగు. మూడో మడత వేసే ముందు మాత్రం ఆపి, "ఇప్పుడు ఎన్నొస్తాయి?" అని అడగండి. ఆరు అనే అవకాశం ఎక్కువ. విప్పి ఎనిమిది లెక్కపెట్టాక ఆ ముఖం చూడాలి! మడిచే కొద్దీ ముక్కలు పెరిగాయి, ఒక్కో ముక్క మాత్రం చిన్నదైంది. మొదట్లో అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరికింది. అయినా అప్పుడే ఆ ప్రశ్న ఎత్తొద్దు, రెండు రోజులు ఆగి అడగండి.

మూడు భాగాల మడత పెద్దవాళ్లకే సరిగ్గా కుదరదు. స్కేలుతో 8, 16 దగ్గర గుర్తులు పెట్టి ఇచ్చేయండి.

3. పేర్లు చెప్పించండి

ఇక్కడ మన భాష మనకు పెద్ద సాయం చేస్తుంది. "నాలుగింట మూడు వంతులు" అన్న మాటను విడదీసి చూడండి. ముందు ఎన్ని భాగాలు చేశామో, తర్వాత అందులో ఎన్ని తీసుకున్నామో వరుసగా చెప్పేస్తోంది. నాలుగు భాగాల పట్టీలో మూడింటికి రంగు వేయించి, ఆ మాట అనిపించండి. ఐదున్నర, ఆరుంపావు, ముప్పావుగంట అని ఇంట్లో రోజూ అంటూనే ఉంటాం కాబట్టి సగం, పావు, ముప్పావు కొత్తగా నేర్పాల్సిన పని లేదు. గడియారం చూపించి, పావుగంటకు పెద్ద ముల్లు ఎంత దూరం తిరుగుతుందో గమనించమంటే చాలు.

4. గుండీలతో అదే ఆట

ముక్కలు చేయలేని వాటికీ వంతులుంటాయని ఇప్పుడు తెలియాలి. 12 గుండీలను నాలుగు సమాన కుప్పలు పోయించండి. ఒక కుప్ప పావు వంతు, అంటే మూడు గుండీలు. మూడు కుప్పలు పోస్తే మూడో వంతుకు నాలుగు. ఆ తర్వాత 8 గుండీలే ఇచ్చి పావు వంతు అడగండి. ఈసారి రెండే వస్తాయి. దేనిలో పావు అన్నదాన్ని బట్టి పావు మారుతుంది.

5. ఇప్పుడు రాయించండి

ముందు అడ్డగీత, తర్వాత కింద 4, ఆ పైన 3. నోటితో "నాలుగింట మూడు" అంటూ అదే వరుసలో రాస్తే కలగాపులగం కాదు. కింది అంకె హారం, పై అంకె లవం అని ఒకసారి చెప్పి వదిలేయండి. ఆ పేర్లు మర్చిపోయినా కంగారేం లేదు.

6. ఒక గీత మీద పెట్టించండి

చాలామంది వదిలేసే మెట్టు ఇది. 3/4 అంటే రెండు అంకెలు అనుకునే పిల్లలకు అది ఒకే సంఖ్య అని ఇక్కడే అర్థమవుతుంది. 48 సెంటీమీటర్ల గీత గీసి మొదట 0, మధ్యలో 1, చివర 2 వేయండి. పట్టీలను ఆనించి 1/2, 1/4, 3/4 గుర్తు పెట్టించండి. పావు ముక్కలు ఐదు పేర్చితే 1 దాటి ఒకటింపావు దగ్గర ఆగుతుంది. అదే 5/4.

కూడికలో తప్పు చేస్తే

1/2, 1/4 కలపమంటే పైవి పైవి, కిందవి కిందవి కలిపి 2/6 అని రాస్తారు. కొట్టేయకండి. ఆరు భాగాల పట్టీలో రెండు భాగాలు కొలవమనండి. 8 సెంటీమీటర్లే వస్తాయి. సగం పట్టీ ఒక్కటే 12 ఉంది. "కలిపితే తగ్గిందేంటి?" అని వాళ్లే అడుగుతారు. అప్పుడు సగం పట్టీ పక్కన పావు పట్టీ చేర్చి, రెండిటి కింద నాలుగు భాగాల పట్టీని పరిచి, ఎక్కడిదాకా వచ్చిందో చదవమనండి.