స్కిడ్ ప్లేటు బిగించాక మొదలయ్యే తంటాలు: లక్షణం, కారణం, మరమ్మతు

అనంతగిరి కొండల రాళ్ల బాటలోనో, మారేడుమిల్లి దగ్గర వాగు దాటుతూనో ఇంజన్ కింద ఒక్కసారి 'ఠంగ్' మన్న చప్పుడు విన్నవాళ్లు మర్నాడే స్కిడ్ ప్లేటు (బండి అడుగుభాగాన్ని రాళ్ల దెబ్బల నుంచి కాపాడే లోహపు రేకు) కోసం ఆరా తీస్తారు. మహీంద్రా థార్ అడుగుభాగం నేలకు 226 మిల్లీమీటర్ల ఎత్తులో, ఐదు తలుపుల జిమ్నీది 210 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటాయి. కాగితం మీద అది బాగానే ఉంటుంది. ముందు చక్రం గుంతలో దిగి, ఎదురుగా బియ్యం బస్తా అంత రాయి ఉన్నప్పుడు ఆ అంకె అక్కరకు రాదు. మెకానిక్కులు చాంబర్ అని పిలిచే ఇంజన్ ఆయిల్ సంప్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె), ఇంధన ట్యాంకు అన్నీ దెబ్బకు ఎదురుగానే వేలాడుతుంటాయి.

ప్లేటు బిగిస్తే ఆ భయం తీరుతుంది. దాని వెంటే కొత్త చప్పుళ్లు, కొత్త వాసనలు, కొత్త అనుమానాలు వస్తాయి. నేను చూసినంతలో వీటిలో ప్లేటు తప్పు తక్కువ. ప్లేటుకూ బండికీ మధ్య వదలాల్సిన ఖాళీలోనో, రెంటినీ కలిపే బోల్టుల్లోనో పొరపాటు దొరుకుతుంది. అందుకే ఏ లక్షణం కనిపించినా మొదటి పరీక్ష ఒకటే. ప్లేటు విప్పి పక్కన పెట్టి, అదే రోడ్డు మీద, అదే వేగంతో పది కిలోమీటర్లు నడపండి. లక్షణం పోతే ఇక్కడ చదవండి. పోకపోతే మీ జబ్బు వేరే చోట ఉంది.

విప్పేటప్పుడు బరువు మరిచిపోవద్దు. మూడు మిల్లీమీటర్ల ఉక్కు రేకు చదరపు మీటరుకు 23 కిలోలు దాటుతుంది. ఆరు మిల్లీమీటర్ల అల్యూమినియం అయినా 16 కిలోలు. బండిని స్టాండ్ల మీద నిలబెట్టి, ప్లేటు కింద చెక్క అడ్డం పెట్టి మరో జాకీ ఆనించాకే చివరి రెండు బోల్టులు తీయండి. వట్టి జాకీ మీద నిలిచిన బండి కిందకు ఎవరూ దూరకూడదు, 'రెండు నిమిషాల పనే' అన్నా సరే.

ఒక వేగం దగ్గర జుమ్మనే మోత

ఎక్కువ మందిని వేధించేది ఇదే. గంటకు 70 కిలోమీటర్ల వరకు బండి మామూలుగా ఉంటుంది. 75 దగ్గర కాళ్ల కింద ఎవరో తంబురా మీటినట్టు మోత మొదలవుతుంది. 90 దాటితే మాయమవుతుంది.

ఈ మోత ఇంజన్ వేగంతో వస్తోందా, బండి వేగంతోనా అన్నది తేలిస్తే సగం పని అయినట్టే. బండి ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, యాక్సిలరేటర్ నెమ్మదిగా తొక్కుతూ, ఇంజన్ వేగం చూపే టాకోమీటర్ చూడండి. నిలబడ్డ బండిలోనూ ఏ 2,100 ఆర్‌పీఎం దగ్గరో అదే మోత వస్తే రేకు ఇంజన్ అదురుకు గొంతు కలుపుతోందన్నమాట. నిలబడ్డప్పుడు నిశ్శబ్దంగా ఉండి, ఏ గేరులోనైనా 75 దగ్గరే వస్తుంటే టైర్లు, చక్రాల బేరింగులు, ఇంజన్ బలాన్ని చక్రాల వైపు తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు చూడాలి. రేకు అంచు కింద దూరే గాలి కూడా కారణం కావచ్చు.

ఇంజన్ అదురే అని తేలితే రేకును తిరగేసి వెలుతురులో పరిశీలించండి. ఇనుముకు ఇనుము తగిలే చోట పౌడర్ కోటింగ్ చెరిగి, రూపాయి బిళ్లంత మేర మెరుస్తుంటుంది. అక్కడ స్పేసరు (మధ్య ఖాళీ ఉంచే చిన్న దిమ్మ) వేసి ఎత్తాలి, లేదా ఆ అంచును అరగదీయాలి. మెరుపు ఎక్కడా లేకుంటే రేకు మడతలు లేకుండా బల్లపరుపుగా ఉండి డప్పులా మోగుతోందని అనుకోవచ్చు. వేలి కణుపుతో కొట్టి చూడండి, తెలిసిపోతుంది. మధ్యలో ఒక పట్టీ వెల్డ్ చేయిస్తే మోత అణుగుతుంది. సైలెన్సర్‌కు దూరంగా ఉండే భాగమైతే పైవైపు అదురు అణిచే బ్యూటైల్ డ్యాంపింగ్ షీటు అతికించినా చాలు. బోల్టు కింద వట్టి రబ్బరు వాషరు పెట్టి బిగించడం మాత్రం వద్దు. రబ్బరు నలిగే కొద్దీ బోల్టు వదులవుతుంది. నడుమ ఇనుప గొట్టం ఉన్న బుష్ వాడాలి.

నా థార్‌కు ప్లేటు వేయించిన వారానికే ఈ మోత పట్టుకుంది. బిగించిన షాపులో అడిగితే 'కొత్త కదా సార్, సర్దుకుంటుంది' అన్నారు. ఇనుము సర్దుకోవడం నేనెక్కడా చూడలేదు. ఇంకో చోట ప్రొపెల్లర్ షాఫ్టు బ్యాలెన్సింగ్ చేయించి డబ్బు వదిలించుకున్నాను. పైన చెప్పిన న్యూట్రల్ పరీక్ష అప్పటికి నాకు తెలియదు. చివరికి ఇంటి దగ్గర విప్పితే, ఛాసిస్ అడ్డదూలమైన క్రాస్ మెంబర్‌కూ ప్లేటుకూ మధ్య నాలుగు స్పేసర్లు ఉండాల్సిన చోట మూడే కనిపించాయి. నాలుగోది ప్లేటు వచ్చిన అట్టపెట్టె అడుగున, సూచనల కాగితం కింద, పాలిథిన్ సంచిలో భద్రంగా ఉంది.

క్లచ్ వదిలేటప్పుడు, రివర్స్ వేసేటప్పుడు 'దబ్'

ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది. లోడు పడ్డప్పుడల్లా కాస్త పక్కకు ఒరుగుతుంది. బండి నిలబడి ఉండగా చాంబర్‌కూ ప్లేటుకూ మధ్య వేలు పట్టింది కదా అని తృప్తి పడితే, ఎత్తు ఎక్కేటప్పుడు ఆ వేలంత ఖాళీ కరిగిపోతుంది. రాయి తగిలి ప్లేటు పైకి సొట్టపోయిన తరువాత కూడా ఇదే చప్పుడు వస్తుంది.

ఎంత ఖాళీ మిగులుతోందో తెలుసుకోవడానికి చపాతీ పిండి చాలు. గట్టిగా కలిపిన పిండిని నిమ్మకాయంత ముద్దలు చేసి, పలుచని ప్లాస్టిక్ కవరులో చుట్టి, చాంబర్ కింద, గేర్‌బాక్స్ కింద, క్రాస్ మెంబర్ దగ్గర ప్లేటు మీద టేపుతో అంటించండి. బండి చల్లగా ఉన్నప్పుడే, సైలెన్సర్‌కు దూరంగా ఈ పని చేయండి. ప్లేటు బిగించి ముందుకూ వెనక్కూ నాలుగైదుసార్లు కదిలించి, ఒక గట్టు ఎక్కించి దించండి. విప్పి, నలిగిన ముద్దను కత్తితో నిలువుగా కోసి స్కేలు పెట్టండి. మిగిలిన మందం 15 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే నేను ఒప్పుకోను. స్పేసర్లు పెంచాలి, సొట్ట ఉంటే తీయించాలి. ముద్ద అప్పడంలా నలిగితే మౌంట్లనూ అనుమానించండి. రబ్బరు చిట్లిన మౌంటు ఉంటే ఎన్ని స్పేసర్లు వేసినా ఆ చప్పుడు తిరిగి వస్తుంది.

కాలిన వాసన

మిగతావాటికి ఆదివారం దాకా ఆగవచ్చు, దీనికి ఆగకూడదు. బండిని ఎండుగడ్డి లేని నేల మీద ఆపి, ఇంజన్ కట్టేసి, కిందకు వంగి చూడండి. చేతిలో మంటలార్పే సిలిండరు ఉండాలి.

చలికాలం చివర్లో బీడు భూముల గుండా వెళ్తే ప్లేటు పైభాగం గడ్డివామిలా తయారవుతుంది. బీఎస్-6 డీజిల్ బండ్ల పొగ మార్గంలో మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ ఉంటుంది. పోగైన మసిని అది కాల్చేసుకునేటప్పుడు లోపలి వేడి 600 డిగ్రీల సెల్సియస్ ప్రాంతానికి వెళుతుంది. ఎండుగడ్డి అంటుకోవడానికి అంత వేడి అక్కరలేదు. ప్లేటు లేని బండిలో రాలిపోయే గడ్డి, ప్లేటు ఉంటే అక్కడే పోగవుతుంది. గడ్డి బాట దాటిన ప్రతిసారీ టార్చి వేసి చూసి, ఇనుప కొక్కెంతో లాగేయండి. కొనేటప్పుడే సైలెన్సర్ కింది భాగం తెరిచి ఉన్న డిజైను ఎంచుకుంటే ఈ బెడద చాలావరకు తప్పుతుంది.

గడ్డి కనిపించకపోతే ఆయిల్ కోసం చూడండి. సర్వీసులో డ్రెయిన్ బోల్టు విప్పినప్పుడు కారిన ఆయిల్ ప్లేటు మడతల్లో నిలిచి, వేడికి వాసన వేస్తుంది.

ప్లేటు అంచు నుంచి ఆయిల్ చుక్కలు

నిజమైన లీకేజీ కావచ్చు, సర్వీసు నాటి ఆయిలే కావచ్చు. ప్లేటు కడిగి, ఆరబెట్టి, లోపలివైపు పాత వార్తాపత్రిక పరిచి, ఇంజన్ చల్లారి ఉన్నప్పుడు ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు బండి తీసేముందు మరిచిపోకుండా ఆ కాగితం లాగేయండి. ఎక్కడ మరక పడిందో దాని పైనే కారణం ఉంటుంది. నీటి మరకైతే ఏసీ గొట్టం. డ్రెయిన్ బోల్టుకు, ఫిల్టరుకు ఎదురుగా రంధ్రాలు లేని ప్లేటయితే కొలత తీసి లేత్ షాపులో వేయించండి. ఆయిల్ మార్చిన ప్రతిసారీ మొత్తం విప్పే ఓపిక ఏ మెకానిక్కుకూ ఉండదు.

వాన బురద తరువాత బండి బరువెక్కడం, గేర్‌బాక్స్ వేడెక్కడం

నల్లరేగడి పొలాల బాటల్లో తిరిగేవాళ్లకు ఇది తప్పదు. ఆ మట్టి తడిగా ఉన్నప్పుడు జిగురు, ఎండితే ఇటుక. ప్లేటు మీద మేట వేసి గేర్‌బాక్స్‌ను దుప్పటిలా కప్పేస్తే గాలి తగలదు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త పడాలి. మట్టి తడి ఆరకముందే, ఇంజన్ చల్లబడ్డాక, ప్లేటు రంధ్రాల్లోంచి పైకి నీళ్లు కొట్టండి. ప్రెషర్ వాషర్ ధారను సెన్సర్ ప్లగ్గుల మీదా, ఆయిల్ సీళ్ల మీదా నేరుగా పెట్టకండి. రెండు మూడు కడుగుళ్లకొకసారి ప్లేటు దించితేనే మూలల్లోని మట్టి పోతుంది. ఆ మూలల్లోనే ఛాసిస్ తుప్పు మొదలవుతుంది.

రాయి మీద జారాల్సింది పోయి పట్టేస్తోంది

ప్లేట్లు రెండు మూడు ముక్కలుగా ఉన్నప్పుడు వాటి అతుకు పెంకుటింటి కప్పును తలపించాలి, కాకపోతే తలకిందులుగా. ముందు ప్లేటు వెనక అంచు కిందకు రావాలి. వెనక ప్లేటు ముందు అంచు దాని పైన దాక్కోవాలి. తిరగేసి బిగిస్తే ఆ అంచు రాయిని కత్తిలా పట్టుకుంటుంది, మొదటి దెబ్బకే రేకు వంగిపోతుంది. బయటకు పొడుచుకొచ్చిన బోల్టు తలలూ అంతే. రాయి వాటిని చెక్కేస్తే తరువాత పానా పట్టడానికి ఏమీ మిగలదు. గుంతలోకి దిగి కూర్చునే బోల్టులు గానీ, తల చుట్టూ కాపు ఉన్నవి గానీ వేయించండి.

ఉక్కు రాయి మీద జారుతుంది. అల్యూమినియం మెత్తన కాబట్టి గీరుకుపోతూ కాస్త పట్టేస్తుంది. రాళ్లలో ఎక్కువ తిరిగేవాళ్లకు నేను ఉక్కే చెబుతాను. దూర ప్రయాణాలు, ఇసుక, బురదలకు తేలికైన అల్యూమినియం మేలు.

బోల్టు ఊడి రావడం లేదు, లేదా తానే ఊడిపోతోంది

విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో మొదటిది సాధారణం. అల్యూమినియం ప్లేటుకు స్టెయిన్‌లెస్ బోల్టు వేసి ఉప్పుగాలికి వదిలితే రెండు లోహాల మధ్య విద్యుత్ రసాయన చర్య జరిగి అల్యూమినియమే తినేయబడుతుంది. బోల్టు చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే అదే. జింకు పూత బోల్టులు వాడి, వాషరు అడుగున లోహాలు పట్టేయకుండా ఆపే యాంటీ-సీజ్ పేస్టు రాయండి. ఇప్పటికే పట్టేసి ఉంటే తుప్పు వదిలించే నూనె రాత్రంతా నాననిచ్చి, బిగించే వైపు కొద్దిగా తిప్పి, అప్పుడు విప్పాలి. ఎకాఎకిన బలం వాడితే ఛాసిస్ లోపల వెల్డ్ చేసి ఉన్న నట్టు ఊడి గిరగిర తిరుగుతుంది. ఇక గ్యాస్ కట్టరే గతి.

ఊడిపోయే బోల్టుకు నీలం రంగు థ్రెడ్ లాకర్ (మరలు వదలకుండా పట్టే జిగురు) వేయండి. ఎరుపు రంగుది వేస్తే తరువాత వేడి చేస్తే తప్ప రాదు. లాకర్ వేసే మరపై పేస్టు వేయకూడదు, ఒకటి పట్టుకోవాలంటే మరొకటి జారుస్తుంది. 8.8 గ్రేడు ఎం10 (10 మిల్లీమీటర్ల మందం) బోల్టుకు సుమారు 45 న్యూటన్ మీటర్లు, ఎం8కు 25 ప్రాంతం చాలు; కిట్ కాగితంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. మొదటి నాలుగు మరలు చేత్తోనే తిప్పాలి.

బండి ముక్కు దిగింది, ఒక పక్కకు లాగుతోంది

ముక్కు దిగితే కారణం బరువే. ప్లేటుతోపాటు ఇనుప బంపరు, ఇరుక్కున్న బండిని లాగే వించి కూడా ఉంటే ముందు స్ప్రింగులు గట్టివి వేయాలి. లాగుతుంటే మాత్రం కిట్ సూచనలు మళ్లీ చదవండి. కొన్ని ప్లేట్లు చక్రాలను బండికి కలిపే సస్పెన్షన్ ఆర్ములను పట్టి ఉంచే బోల్టులనే వాడుకుంటాయి. వాటిని వదులు చేసి బిగించాక అలైన్‌మెంట్ చేయించి తీరాలి.

బిగింపు పూర్తయ్యాక ప్రతి బోల్టు తల మీద నుంచి ప్లేటు మీదకు తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. వంద కిలోమీటర్ల తరువాత ఒకసారి, ప్రతి రాళ్ల ప్రయాణం తరువాత ఒకసారి టార్చి వేసి చూడండి. గీత విరిగి రెండు ముక్కలుగా కనిపించిన చోట పానా పెట్టండి.